మడుగులో ఒంపిన మీసాల చేపలు

మా పొలాల పక్క గెడ్డ మాఘమాసానికే ఎండిపోతుంది. అదే గెడ్డ పైన, శృంగవరపుకోట అవతల కొండ కింద, ఏడాది పొడుగునా పారుతుందని విన్నాం. అక్కడివాళ్లు ఏం చేస్తున్నారో చూసి రమ్మని మా ఆడవాళ్ల సంఘం నన్నూ, నా తోటికోడలు అప్పాయమ్మనీ పంపింది. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, చూసింది రాసే పని నా నెత్తినే పడింది.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దున్న ఆరున్నరకి బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి డబ్బులక్కర్లేదు. నా ఒళ్లో నీళ్లు పోసి గాలి నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో మీసాల చేపపిల్లలు. ఒకరింటికి వట్టి చేతులతో వెళ్లడం మా ఇళ్లలో లేదు. ఇవి మా కుంటల్లో ఏం పడేసినా తిని, నెలల్లోనే మోచేతి పొడవవుతాయి. పక్క సీటాయన సంచికేసి చూసి, "ఏటప్పా, సేపలకి టికెట్టు తీసినావా?" అన్నాడు.

"ఆడసేపలే బాబూ, ఊరికే ఎక్కినాయి" అంది అప్పాయమ్మ. బస్సంతా నవ్వింది.

ఎనిమిదింటికి శృంగవరపుకోటలో దిగి ఇడ్లీ తిన్నాం. అక్కడినుంచి ఆటో, మనిషికి నలభై. ఆటో ఆగాక అరగంట రాళ్లదారి, కాళ్లకి గట్టి చెప్పులుండాలి.

సోములమ్మ అనే ఆవిడ ఎదురొచ్చింది. నా కూతురి వయసుంటుంది. గెడ్డ వెంట నడిపించింది. రెండు గట్ల మీదా నాగలి దింపరు. నేరేడు, మద్ది, వెదురు, కింద మొగలి పొదలు. ఆ నీడకి నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక పెద్ద బండ కింద మడుగు. ఎండలకి గెడ్డ సన్నబడితే చేపలన్నీ అందులో చేరతాయట. వానలు పడి అవి పైకీ కిందకీ పోయేదాకా ఎవరూ అందులో వల వెయ్యరు, బట్టలుతకరు, గొడ్డుని దింపరు.

"కూకోండి, టీ అట్టుకొస్తాను" అని సోములమ్మ ఇళ్లవైపు వెళ్లింది. సంచిలో చేపపిల్లలు నోళ్లు పైకెత్తుతున్నాయి. చచ్చినవి చేతిలో పెడితే ఏం మర్యాద? ఎవర్నీ అడక్కుండా మూతి విప్పి మడుగులో ఒంపేశాను.

సోములమ్మ వచ్చి ఖాళీ సంచి చూసింది. "ఏటి పోసినావు?"

"మీకే తల్లీ, మీసాల చేపలు. బాగా ఎదుగుతాయి."

టీ గ్లాసులు బండమీద పెట్టేసింది. "ఓలమ్మో! అవి గుడ్లు తినేస్తాయి, కప్పల్ని తినేస్తాయి, వానలొస్తే గెడ్డంతా పాకేస్తాయి. మా నోట్లో మట్టి కొట్టినావు కదే పెద్దమ్మా!"

కేకేసింది. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరూ కాలు పెట్టని మడుగులోకి పాతచీరలు, దోమతెరలు పట్టుకుని నడుంలోతు దిగారు. నేనూ దిగబోతే, "నువ్వు గట్టు మీదే ఉండు, ఇంకేటీ సెయ్యకు" అన్నాడొక ముసలాయన. ఉండిపోయాను.

మధ్యాహ్నం దాకా దేవారు. మీసాలున్నవి బిందెలోకి, వాళ్లవి మళ్లీ నీళ్లలోకి. వేలెడంత తెల్లచేపలు కొన్ని బురదకి ఊపిరాడక తేలిపోయాయి. వాటిని ఏరి ఆకులో పెడుతుంటే నా తల పైకి లేవలేదు.

"ఎన్ని తెచ్చినావు?" అంది సోములమ్మ.

"లెక్కెట్టలేదు."

"మరి ఇంకా ఉన్నాయో నేవో నాకెలా తెలుస్తాది?"

అయినా మాకు చోడి అంబలి పోశారు, నంచుకోడానికి పచ్చిమిరపకాయలిచ్చారు. తిట్టినా బాగుండును.

బయల్దేరుతుంటే సోములమ్మ అంది: "వానలకి ముందు మళ్లీ రా. మీసం కనబడిందంటే నువ్వే దిగి పట్టాల."

"వస్తాను" అన్నాను. నవ్వులాటకి అన్న మాట కాదది.

నాలుగున్నరకి కోటలో బస్సు. "ఇదంతా రాయకప్పా, సంఘంలో మన పరువు పోతాది" అంది అప్పాయమ్మ. పోతే పోనీ అన్నాను. ఇది చదివి అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లండి. గుండెల నిండా గాలి పీల్చుకుని, చేతులు కట్టుకుని తిరిగి రండి.

మా మాటలు విని ముందు సీట్లో ఒక పంతులమ్మ వెనక్కి తిరిగింది. "పెద్దమ్మా, కొండకింద గెడ్డ కాడికెళ్లొస్తన్నారా? బాగుంటాదంట కదా?"

"నేనెళ్లేదాకా బాగుంది" అన్నాను.