ఎనిమిది మందికి వంట

గుండిగ మేస్త్రికి చిన్నగా వండడం రాదు. ఆయనకున్న లోపం అదొక్కటే. మిగతా విషయాల్లో, అంటే పొయ్యి దగ్గర, అంత చెయ్యి తిరిగిన మనిషి మరొకడు లేడని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళే కాదు, తిట్లు తిన్నవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ముప్పై ఏళ్ళు ఆయన ఒక నూలుమిల్లు క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. పూటకు నాలుగు వందల మంది. అక్కడి గుండిగ అలాంటిలాంటిది కాదు, కడగాలంటే మనిషి అందులోకి దిగాలి. కూర కలిపే తెడ్డుతో పడవ నడపొచ్చు. ఉప్పు దోసిళ్ళతో పడేది, కారం చేటతో పడేది. ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

తరవాత మిల్లువాళ్ళు క్యాంటీన్ ఎత్తేసి బయటినుంచి భోజనం పొట్లాలు తెప్పించడం మొదలుపెట్టారు. మేస్త్రి ఇంటికొచ్చి పడ్డాడు.

వచ్చిన వారానికే భార్యకు ఒంట్లో నలతగా ఉంటే, "నువ్వు పడుకో, ఇవాళ నేను పప్పు పడేస్తాలే," అన్నాడు. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్ళాలు, కొడుకూ కోడలు, ఇంకా పళ్ళు రాని మనవరాలు. ఆవిడ ఒక కునుకు తీసి వంటింట్లోకి వచ్చేసరికి చిన్న గిన్నెలో పప్పు, పెద్ద గిన్నెలో పప్పు, నీళ్ళు తోడుకునే బిందెలో పప్పు.

"పాప ఉయ్యాల ఒక్కటీ ఎందుకు వదిలేశారు, అందులోనూ పొయ్యకపోయారా?" అంది.

"కొంచెమే వేశానే," అన్నాడాయన నిజాయితీగా.

ఆ కొంచెం వీధి వీధంతా తిన్నది. మర్నాడూ తిన్నది. మూడోనాడు ఆవిడ గిన్నె పట్టుకుని గడప దిగడం చూసి ఎదురింటివాళ్ళు గబగబా తలుపులు వేసేసుకున్నారు. ఆ రోజుతో మేస్త్రికి ఇంట్లో పొయ్యి బంద్.

పొయ్యి లేని మేస్త్రి కాలు కాలిన పిల్లిలా ముందుగదినుంచి వెనకగదికి తిరిగాడు. భార్య కూరలు తరుగుతుంటే గుమ్మంలో నిలబడి నిట్టూర్చేవాడు.

"నా నెత్తిమీద నిలబడి అలా ఊపిరి వదలకండి, ఉల్లిపాయలు వాడిపోతున్నాయి," అని కసిరేది ఆవిడ.

ఆవిడ తమ్ముడికి చెప్పుల కొట్టుంది. "బావ వచ్చి కూర్చుంటే చాలక్కా. వచ్చినవాళ్ళ కాలికి నాలుగు జతలు తొడిగి చూపించడమే పని," అని ఫోన్ చేశాడు. భార్యకు ఆ మాట తెగ నచ్చింది. మేస్త్రికి ఆ పూట ముద్ద దిగలేదు. జనం చేతులు కడుక్కుని తన దగ్గరికి రావడం ఆయనకు అలవాటు. చెప్పులు విప్పుకుని రావడాన్ని ఊహించుకోలేకపోయాడు.

అప్పుడు అడ్డుపడింది కోడలు. ఆ అమ్మాయి మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. సైన్సు చదివిన పిల్ల, పైగా భయస్తురాలు, పైగా కొత్తగా తల్లయింది. ఈ మూడూ ఒకచోట కలవడంవల్ల ఇంట్లోకి ఒక తూకం మిషన్ వచ్చింది. పాప పాలు తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి తూచేది. తుమ్మినా తూచేది, తగ్గిందేమోనని.

"మామయ్యగారూ, ఈమధ్య జనం హోటళ్ళకు పోవడం మానేసి వంటవాళ్ళనే ఇంటికి పిలిపించుకుంటున్నారు," అంది కోడలు. "ఆరుగురో ఎనిమిది మందో, బాగా దగ్గరివాళ్ళే వస్తారు. వాళ్ళ వంటింట్లోనే వండిపెట్టి వచ్చెయ్యాలి. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళక్క లాయరు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మంచి మనిషి కోసం వెతుకుతోంది. ఎనిమిది మంది."

"ఎనిమిది మందా?" మేస్త్రి నవ్వాడు. "ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికే ఎనిమిది మందిని పిలిచేవాణ్ణి తల్లీ నేను."

"అయితే చెప్పుల కొట్టే ఖాయం," అంది భార్య.

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. "ఎనిమిది మందైతే మాత్రం? వాళ్ళవి నోళ్ళు కావా?"

భార్య నడుముకు కొంగు బిగించి షరతు పెట్టింది. "ఈ ఒక్కసారికీ చూస్తాను. ఎనిమిది మందికంటే ఎనిమిది మందికే వండాలి. గిన్నెడు కూర మిగిల్చి ఆ మహాతల్లి చేత తిట్లు తిన్నారో, సోమవారం పొద్దున్నే తమ్ముడి కొట్లో ఉండాలి. ఏమంటారు?"

"సరే," అన్నాడు మేస్త్రి. అనక చేసేదేముంది?

కోడలు పని అందుకుంది. నాలుగు వందల మందికి ఏది ఎంత పడుతుందో ఆయనచేత చెప్పించి, అన్నిటినీ యాభైతో భాగించింది. శుక్రవారం ప్రయత్నపు వంట. కోడిమాంసం, ఉల్లిపాయ, కారం, నూనె, నీళ్ళు అన్నీ పాపను దించేసి అదే మిషన్ మీద తూచి ఇచ్చింది. మేస్త్రి చేతులు కట్టుకుని, చెప్పినప్పుడల్లా గిన్నెలో వేశాడు. కూర సగం ఉడికేసరికి అడుగంటి బొగ్గయింది.

"లెక్క తప్పలేదే!" కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"లెక్క కాదమ్మా. నా గుండిగ నీళ్ళు అంత తొందరగా వదులుకోదు. నీ గిన్నెకి దాహం ఎక్కువ."

కోడలు నుదురు కొట్టుకుంది. "అవును! పాత్ర చిన్నదైతే లోపలి కూరతో పోలిస్తే ఆవిరయ్యే పైభాగమే ఎక్కువ. నీళ్ళని యాభైతో భాగించకూడదు మామయ్యగారూ. ఈ మాత్రం తట్టలేదు చూడండి నాకు."

"దాన్ని ఏ పేరుతో పిలిచినా గిన్నె నువ్వే తోమాలి," అంది అత్తగారు లోపలినుంచి.

రెండోసారి నీళ్ళు సరిపోయాయి గాని చెయ్యి కుదరలేదు. తెడ్డు తిప్పిన భుజంతో గరిటె తిప్పేసరికి ముక్కలన్నీ చిదికి ముద్దయ్యాయి, గిన్నె పొయ్యి మీదినుంచి కిందకు దూకింది. "భుజం వదిలెయ్యండి. మూడు వేళ్ళతో. పాపకి మందు పడతారు చూడండి, అలా," అంది కోడలు. మేస్త్రి మూడు వేళ్ళతో గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి తిప్పాడు. శనివారం సాయంత్రానికి చిన్న గిన్నెలో, చిన్న మంట మీద, అచ్చం ఎనిమిది మందికి సరిపడే కూర తయారైంది. ఇంటిల్లిపాదీ వంగి దాన్ని చూశారు, పుట్టిన బిడ్డను చూసినట్టు.

ఆదివారం బయల్దేరేటప్పుడు కోడలు తూకం మిషన్ గుడ్డలో చుట్టి ఇచ్చింది. "ఈ పూటకి పాపని తూచకుండా ఉంటాలెండి," అంది, ఒంట్లోంచి ఏదో కోసి ఇస్తున్నంత త్యాగంగా.

లాయరమ్మ ఇల్లు నాలుగో అంతస్తు. వంటింట్లో పొయ్యి కూడా అద్దంలా మెరుస్తోంది. ఆవిడ అన్నీ చూపించి, చివర్లో ఒక మాట చెప్పింది. "మేస్త్రిగారూ, మీరు హాల్లోకి మాత్రం రావద్దండి. చిన్న విందు కదా, మెల్లగా కబుర్లు చెప్పుకుంటూ తింటాం. ఏం కావాలన్నా నేనే వచ్చి పట్టుకెళ్తాను."

మేస్త్రి తల ఊపాడు. తూచాడు, మూడు వేళ్ళతో తిప్పాడు, అరగరిటె దగ్గర ఆగాడు. అన్నం, పప్పు, కోడికూర, బంగాళాదుంపల వేపుడు, పాలతో ఒక తీపి. పన్నెండున్నరకల్లా అన్నీ లాయరమ్మ తెచ్చిన పూల బొమ్మల గిన్నెల్లో బుద్ధిగా కూర్చున్నాయి. వాటిని చూస్తే ఆయనకు పిల్లలాడుకునే లక్కపిడతలు గుర్తొచ్చాయి.

గిన్నెలు హాల్లోకి వెళ్ళాయి. తలుపు సందులోంచి మేస్త్రి చూస్తున్నాడు. అందరూ తింటున్నారు. మాటలు తగ్గాయి. అది ఆయనకు తెలిసిన గుర్తే, మంచి గుర్తే. కాసేపటికి లాయరమ్మ ఖాళీ గిన్నెతో లోపలికొచ్చింది.

"ఇంకాస్త కూర ఇవ్వండి."

మేస్త్రి గరిటె గిన్నెలో పెట్టాడు. అడుగు తగిలింది. టంగుమంది.

ముప్పై ఏళ్ళలో ఆయన గరిటె ఎప్పుడూ ఆ చప్పుడు చేసి ఎరగదు. అడుగు కనబడకముందే గుండిగ మళ్ళీ నిండాలి, అది ఆయన పద్ధతి. ఖాళీ గిన్నె వంచి చూపించాడు.

లాయరమ్మ ముఖం విప్పారింది. "అబ్బ, ఒక్క ముక్క కూడా మిగల్లేదా! ఏం లెక్కండీ మీది! ఇదివరకు వచ్చినవాళ్ళు వండినది వారం రోజులు తినేవాళ్ళం."

పొగిడి ఆవిడ వెళ్ళిపోయింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గెలిచాడు. పెళ్ళాం షరతు గెలిచాడు, చెప్పుల కొట్టు తప్పింది. ఇప్పుడు గిన్నెలు సర్దుకుని, మిషన్ గుడ్డలో చుట్టుకుని, మెట్లు దిగి పోవచ్చు. పోయేవాడే. పోయేముందు తలుపు సందులోంచి ఇంకొక్కసారి చూడకుండా ఉండాల్సింది.

బల్ల చివర ఒక పెద్దాయన కూర్చున్నాడు, లాయరమ్మ పెదనాన్న. భారీ మనిషి. పళ్ళెంలో మిగిలిన ఒకే ఒక్క మెతుకును వేలితో అటు జరిపాడు, ఇటు జరిపాడు. పక్కవాళ్ళు ఏదో అడిగితే, "చాలమ్మా, చాలు, కడుపు నిండిపోయింది," అన్నాడు. అని మళ్ళీ మెతుకును జరిపాడు.

ఇంకా కావాలని ఉండి కూడా అడగలేని మనిషిని మేస్త్రి ఏ గుంపులోనైనా పోల్చుకోగలడు. తూకం మిషన్ను పక్కకు నెట్టి, మూడు వేళ్ళనూ ఐదు చేసుకుని, ఫ్రిజ్ తలుపు తీశాడు.

లోపల నిండుగా రెండు అట్టల గుడ్లున్నాయి. కింద బుట్టలో ఉల్లిపాయలున్నాయి. గోడకున్న పైఅరలో కాగితం కూడా ఊడదియ్యని పెద్ద గిన్నె ఉంది. మరి ఆయనకు ఇంకేం కావాలి? నూనె ఒంపాడు, కారం పిడికిలితో చల్లాడు, ఉప్పు కళ్ళతో కొలిచాడు. మరో పొయ్యి మీద బియ్యం పడేసి, ఉడికాక ఆ అన్నాన్నీ అదే గిన్నెలో కుమ్మరించాడు. భుజం దానంతటది తిరిగింది. ఉల్లిపాయ వేగిన వాసనకు హాల్లో కబుర్లు తెగిపోయాయి.

లాయరమ్మ పరిగెత్తుకొచ్చేసరికి మేస్త్రి గిన్నె ఎత్తుకుని గుమ్మం దాటుతున్నాడు.

"మేస్త్రిగారూ, హాల్లోకి..."

ఆయనకు వినబడలేదు. బల్ల దగ్గర నిలబడి, మిల్లు మిషన్ల చప్పుడు మీద గెలిచిన ఆ పాత గొంతుతో, "ఇంకెవరికీ?" అని ఒక్క కేక పెట్టాడు.

ఒకావిడ చేతిలోంచి చెంచా జారింది. పెద్దాయన బడిపిల్లాడిలా చెయ్యెత్తి, "ఇటు! ఇటు రావయ్యా!" అన్నాడు.

తరవాత ఎవరూ మెల్లగా కబుర్లు చెప్పుకోలేదు. చెంచాలు వదిలేసి చేతులతో కలుపుకున్నారు. "నాకు అడుగుది వెయ్యండి", "వాడికి రెండోసారి, నాకింకా మొదటిసారే", "ఒరే, నీ పళ్ళెం నువ్వు చూసుకో" అని ఒకటే గోల. లాయరమ్మ మేస్త్రిని పక్కకు పిలిచింది.

"నేను ఎనిమిది మందికన్నాను కదండీ?"

"ఎనిమిది మందికేనమ్మా. వాళ్ళింకా తింటున్నారు."

కోప్పడడానికి ఆవిడ నోరు తెరిచింది గాని, పెదనాన్న అప్పుడే, "మేస్త్రీ, రేపు మా ఇంటికి రావయ్యా. ఆరుగురమే. మా అమ్మాయి లెక్కలు చెబుతుంది, వినకు," అని అరవడంతో మూసుకుంది. అందరూ లేచేసరికి గిన్నెలో సగానికి పైగా మిగిలే ఉంది.

"ఇది నా ఫ్రిజ్‌లో పట్టదు. గిన్నెతో సహా మీరే పట్టుకెళ్ళండి," అంది లాయరమ్మ. అనేముందు తనకో పళ్ళెం నిండా తీసుకుంది.

బరువైన గిన్నె భుజాన పెట్టుకుని మేస్త్రి ఇల్లు చేరే దారంతా ఆలోచించాడు. పారబోద్దామంటే చేతులు రావు. ఎదురింటివాళ్ళకి ఇద్దామంటే వాళ్ళు ఆయన్ను దూరాన్నుంచే చూసి తలుపు వేసుకున్నారు. గుమ్మంలో భార్య మనవరాల్ని ఎత్తుకుని నిలబడి ఉంది.

"మూత తియ్యండి."

తీశాడు.

ఆవిడ చూసింది. "నేను చెప్పలేదూ?" అంది గుడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"మీరు తిన్నారా?" అన్నాడు మేస్త్రి, మాట మార్చడానికి.

"ఎలా తింటాం? మీరు మిగిల్చి తెస్తారని తెలుసుగా. పొయ్యే వెలిగించలేదు. మూడైంది, అబ్బాయి ఆకలికి గోడ కొరుకుతున్నాడు."

మేస్త్రి ముఖం మెల్లగా వెలిగింది. "నన్ను నమ్ముకుని వండలేదా? అయితే ఇది మిగిలింది ఎలా అవుతుంది? ఇది మీ భోజనం. మన నలుగురికీ కలిపే వండాను."

"మాటలు బాగానే నేర్చారు!"

"అత్తయ్యగారూ, లెక్క ప్రకారం అది సరైన మాటే," అంది కోడలు. అప్పటికే మిషన్ లాక్కుని పాపను దానిమీద కూర్చోబెట్టింది. "ముందు పళ్ళేలు పెట్టండి."

కింద చాప పరిచి అందరూ కూర్చున్నారు. మేస్త్రి పెద్దాయన పిలుపు సంగతి చెబుతూ భుజం తిప్పి వడ్డించాడు. భార్య మొదటి పళ్ళెం ఖాళీ చేసింది. రెండోదీ ఖాళీ చేసింది. మూడోసారి పళ్ళెం ముందుకు జరిపేటప్పుడు ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, రేపు బావని పంపిస్తున్నట్టేనా?"

ఆవిడ గిన్నె వంక, మొగుడి వంక చూసి, నోట్లోది మింగింది. "బావకి ఖాళీ లేదురా. రేపు ఎవరో పెద్దాయన ఇంట్లో వంట ఉందట. ఆరుగురికి."

అవతల తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "ఆరుగురికేనా? అయితే రేపు మా ఇంట్లో వండొద్దని చెప్పేస్తానక్కా."