రాజుగారి చెంప మీద చుక్క

ఊరు తగలబడుతున్నా అద్దంలో తన అందం చూసుకుంటూ కూర్చున్న రాజు కథ ఒకటి చిన్నప్పుడు చదివాను. దాన్ని బొమ్మలతో నాలుగు నిమిషాల సినిమాగా తీస్తున్నాను. బొమ్మను కొద్దిగా కదపాలి, ఒక ఫొటో తీయాలి, మళ్లీ కదపాలి. రాజు బొమ్మ బాగా కుదిరిందని పొంగిపోయి, ఈ రోజు పొద్దున మదనపల్లెలో మా వీధి వాళ్లందరినీ పిలిచి మరీ చూపించాను.

సాయంత్రం ఫొటోలన్నీ వరసగా వేసి చూస్తే, మధ్యాహ్నం భోజనం తర్వాత తీసిన ప్రతి దాంట్లో రాజు చెంప మీద నల్లటి చుక్క! బొమ్మ చేతులు కదిపే ధ్యాసలో పడి నేను గమనించనే లేదు.

"అమ్మా, బొమ్మకు కాటుక పెట్టింది నువ్వేనా?"

"నేనే. వచ్చినోళ్లంతా ఎంత బాగుండాడో అనేసి పోయినారు. దిష్టి తగలదా?"

"వాడు పొగరుబోతు రాజు, అమ్మా!"

"అయితే ఏమి? సూసేదానికి బాగుండాడు గదా నాయనా."

రెండు వందల ఫొటోలు. చుక్క తుడిచి మళ్లీ తీయమంటారా, ఉంచేయమంటారా, మీరే చెప్పండి.

నా బాధ వేరే. పొద్దున వచ్చిన వాళ్లు బొమ్మ పక్కనే నిలబడ్డ నన్ను కూడా చూశారు. చెంప తడుముకున్నాను, చుక్క లేదు. అనుమానం తీరక అద్దంలో కూడా చూసుకున్నాను.