బాణాలమ్మ మార్చిన ఒక్క బాణం

ఆఫీసులో ఆమెను బాణాలమ్మ అనేవారు. యాప్‌లో ఏది నొక్కితే ఏ తెర రావాలో ప్రోటోటైప్ సాఫ్ట్‌వేర్‌లో బాణాలతో కలిపి, కదిలే నమూనాగా కోడర్లకు అప్పగించడం ఆమె ఉద్యోగం. మాటల్లో రాసిస్తే నలుగురు నాలుగు రకాలుగా అర్థం చేసుకుంటారని, నమూనా చేతికిస్తే వాదనకు తావుండదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు లేదు.

ఆ ఏడాది ఒక ఆసుపత్రికి, రోగులు తమ తేదీలు చూసుకునేందుకు, వద్దనుకుంటే రద్దు చేసుకునేందుకు యాప్ తయారుచేస్తున్నారు. ఐదు నెలలు ఎదురుచూశాక ఆమె తల్లి కంటి ఆపరేషన్‌కు తేదీ దొరికింది ఆ ఆసుపత్రిలోనే. ఆలస్యమైతే మిగిలిన చూపూ దక్కదని డాక్టరు ముందే చెప్పారు. తల్లికి చేతులు వణుకుతాయి. ఆ వేళ్లు ఫోను మీద తడబడడం చూసే, 'రద్దు' మీటను మూడు సెకన్లు అదిమిపడితే తప్ప పనిచేయని విధంగా ఆమె నమూనాను రూపొందించింది.

నమూనా చూపించిన రోజు మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"మేడమ్, మీరిలా అదిమిపట్టి కూర్చుంటే నా టీ చల్లారిపోతుంది. కానివ్వండి."

ఆమె అక్కడికక్కడే ఆ ఒక్క బాణాన్ని మార్చి, తాకితే చాలు తెర మారేటట్టు చేసింది. మీటింగు సాఫీగా ముగిసింది. బాణాన్ని మళ్లీ యథాస్థితికి తేవడం మరిచిపోయింది.

మర్నాడు కోడరు వచ్చాడు. "అక్కా, నమూనా లింకులో ఉన్నదే ఫైనలా? తర్వాత నా పీకల మీదికి రాకూడదు."

"నీ అతితెలివి వాడకు తమ్ముడూ. నమూనాలో ఎలా ఉంటే అలా చెయ్యి, చాలు."

అతడు అలాగే చేశాడు. పరీక్షించినవారు నమూనాతో పోల్చి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు.

యాప్ విడుదలైన వారానికి, సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి తల్లి ఫోనును కళ్లకు ఆనించుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"ఏమే, ఆపరేషన్ ఎన్నింటికో చూద్దామని తెరిచాను. ఏదో అయింది. నీ యాప్ కూడా నీలాగే, నా మాట వినదు."

తెర మీద 'మీ తేదీ రద్దయింది' అని ఉంది.

ఆమె ఆసుపత్రికి ఫోను చేస్తే అవతలి గొంతు చెప్పింది: "అది వెంటనే తర్వాతివాళ్లకి వెళ్లిపోతుందండీ. మళ్లీ అంటే నాలుగున్నర నెలలు."

ఖాళీ అయిన తేదీని ఆలస్యం లేకుండా మరొకరికి చేర్చే బాణం కూడా ఆమె గీసిందే. అది సరిగ్గా పనిచేసింది.

కోడరు మీద విరుచుకుపడబోయి, ముందుగా నమూనా చరిత్ర తెరిచింది. మార్పు జరిగిన రోజు, గంట, పక్కన తన పేరు. మేనేజరు తొందరపెట్టిన మాట నిజమే, కానీ మార్చమనలేదు. కోడరు అడగవలసింది అడగనే అడిగాడు.

"తాకగానే రద్దయ్యేలా చేసిన ఆ బుద్ధిలేనివాడెవడే? నాలుగు చీవాట్లు పెట్టు," అంది తల్లి.

"నేనేనమ్మా."

తల్లి ఆమె వైపు తిరిగింది. చూపు మాత్రం ఆమె నిలబడిన చోటికి జానెడు పక్కన ఆగింది.