మెట్‌పల్లి బస్సులో మట్టిగాజులు

మెట్‌పల్లి బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో, ఏడేళ్లొచ్చినా మెడ నిలవని పాప ఉంది. ఆమె చేతుల నిండా కొత్త మట్టిగాజులు.

“పలిగి పిల్లకు గుచ్చుకుంటయని గిన్నేండ్లు ప్లాస్టిక్‌వే ఏసుకున్న అక్కా. గిప్పుడు మా థెరపీ సెంటర్ల తల్లులం వంతులు పెట్టుకున్నం. ఒక్కలు పిల్లలందర్ని చూసుకుంటే మిగిలినోళ్లం జర బయటికి పోతం. ఇయ్యాల నేను ఒట్టి చేతులతోని బజారుకు ఉరికిన,” అంది.

అంటూనే చెయ్యి ఊపింది. గాజులు గలగలమనగానే పాప కిలకిలా నవ్వింది. మళ్లీ ఊపింది, మళ్లీ నవ్వింది.

దిగేముందు, ఎత్తుకునేటప్పుడు పాపకు గుచ్చుకోకుండా, వదులుగా ఉన్న ఆ గాజులు తీసి నా చేతిలో పెట్టి, పాపను ఎత్తుకుంది. ఆమె కిందికి దిగాక కిటికీలోంచి గాజులు అందించబోయాను.

“జర ఊపి ఇయ్యక్కా, పిల్ల సూస్తున్నది,” అంది.

కండక్టరు విజిల్ వేసేదాకా ఊపి, ఆమె చేతికిచ్చాను.

ఇప్పటికీ గాజుల దుకాణం ముందు నా చెయ్యి ఊరుకోదు.