ఒకే బల్ల, రెండు జబ్బులు

గుడివాడలో బందరు బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తుందట. ముందు సీట్లో ఆవిడ తోడికోడలు. ఇద్దరికీ కుడిచెయ్యి లేవడం లేదని ఆక్యుపంక్చర్ డాక్టరుకి చూపించుకుని వస్తున్నారు.

"నాడి పట్టుకున్నాడండీ, నాలిక చూశాడు. నిద్ర, దాహం, కోపం, అన్నీ అడిగాడు. నాకు లివర్లో వేడట. మా తోడికోడలికేమో కిడ్నీలో బలం లేదట. ఏ మనిషి జబ్బు ఆ మనిషిదేనంటూ ఇద్దరికీ వేరే వేరే చోట్ల సూదులు పెట్టాడు."

"మంచి పద్ధతే కదండీ," అన్నాను, అన్నీ తెలిసినట్టు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆవిడ ఎడమచేతి పిడికిలి బిగించి ముందు సీటు కమ్మీ మీద రెండు దెబ్బలు వేసింది. "గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి రోజంతా ఇలా కొట్టాలండీ. ఇరవయ్యేళ్ళుగా ఒకే బల్లకి అటు మా తోడికోడలూ, ఇటు నేనూ."

"ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్తే పని మానెయ్యమంటాడు."

పెడనలో ఇద్దరూ ఎడమచేత్తోనే కమ్మీ పట్టుకుని దిగారు.

ఆ రోజు నేను కట్టుకున్నది కలంకారీ చీరే. ఆవిడ ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు.