లిస్టుకెక్కని రెండు పిట్టలు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. నాకు తెలియనిదేదైనా లోకంలో ఉంటే అది అంత ముఖ్యమైనది కాదని గట్టిగా నమ్మే వయసు. రాజమండ్రిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఇంట్లో అందరూ గిన్నెల గురించి మాట్లాడుకుంటుంటే నేను పక్షుల పుస్తకమొకటి కొనుక్కొచ్చి బట్టీ పట్టాను. (పుస్తకం మూసేస్తే ఖాయంగా గుర్తుపట్టగలిగినవి కాకి, కొంగ.) పిట్టల్ని చూసే బృందంతో గోదాట్లోకి వెళ్తున్నానంటే నాయనమ్మ, "దానికి పడవెక్కడమేంటే, డాబా ఎక్కితే కనపడవా?" అంది. చెప్పులేసుకుని బయటపడ్డాను.

శివరాత్రి వెళ్ళి వారమైంది. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. ధవళేశ్వరం దిగువన నీళ్ళు తగ్గి ఇసక తిప్పలు బయటపడ్డాయి. పడవలో ఆరుగురం, తెడ్డు వేసే బాబాయి ఏడో మనిషి. మా నాయకుడు రిటైరైన లెక్చరరు. ఆయన్ని చాటుగా లిస్టు మాస్టారనేవాళ్ళం. ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. ఆ కాగితం మీదికెక్కని పిట్ట గోదావరిలో లేనట్టే లెక్క.

ఒక తిప్ప కొసన, టెర్న్‌లనే తెల్ల నీటిపిట్టల గుంపు మధ్య నాకు రెండు వేరే పిట్టలు కనిపించాయి. పైన నలుపు, కింద తెలుపు, క్యారెట్ రంగు ముక్కు. అందులో కింది ముక్కు పై ముక్కుకంటే పొడుగు.

"మాస్టారూ, స్కిమ్మర్లండి."

ఆయన బైనాక్యులర్స్ ఎత్తనైనా ఎత్తలేదు. "అవి ఇక్కడ ఉండవమ్మా. పదిహేనేళ్ళుగా తిరుగుతున్నాను, నేనెప్పుడూ చూడలేదు."

"మీరు చూడకపోతే అవి రాకూడదాండి?"

మాస్టారు నింపాదిగా "టెర్న్‌లు" అని రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. బాబాయిని తిప్ప దగ్గర ఆపమని, ఫొటో తీసి ఆయన మొహం ముందు పెడదామని దిగాను. నాలుగడుగులు వేశానో లేదో మోకాళ్ళ దాకా బురదలో దిగబడిపోయాను. పిట్టలు లేచిపోయాయి. ఫోన్‌లో పడింది ఆకాశం, నా బొటనవేలు.

పడవలో నవ్వులు. "రామ్మా, కొత్తలో అందరికీ అలాగే కనిపిస్తాయి," అన్నారు మాస్టారు.

"మీరు రాసేదాకా రానండి."

"మొండితనంతో పిట్టలు పుట్టవమ్మా."

"కాగితంతో చావవు కూడానండి," అన్నాను. (అన్నాక నాకే భయమేసింది. అయినా కదల్లేదు. నిజానికి కదలడం నా చేతుల్లో లేదు.)

అంతలో ఆ రెండూ చుట్టు తిరిగి వచ్చి, నాకూ పడవకూ మధ్య, కింది ముక్కు నీళ్ళలో ముంచి గీత గీసుకుంటూ పోయాయి. ఆ క్షణాన మాస్టారు తల వంచుకుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"కత్తెరెట్టి గుడ్డ కోసినట్టు పోయినియ్యండి," అన్నాడు బాబాయి.

"నేను చూడలేదు," అన్నారు మాస్టారు.

సరే అనుకున్నాను. బ్యాగులోంచి నా నోటుపుస్తకం తీసి, ఆ బురదలో నిలబడే 'స్కిమ్మర్లు, రెండు' అని రాసి, సాక్షి సంతకానికి పుస్తకం పడవలోకి విసిరాను. బాబాయి తెడ్డు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా రాశాడు. తర్వాత అదే తెడ్డు అందించి నన్ను పైకి లాగాడు. ఒక చెప్పు గోదావరికే ఉండిపోయింది. రెండోది చేత్తో పట్టుకుని, తలెత్తుకుని బస్సెక్కాను.

వారం తర్వాత కొట్లో గిన్నెలు సర్దుతుంటే లిస్టు మాస్టారు వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఒక్కరే వెళ్ళారట. కాసేపు చెంబులు తిరగేసి చూసి, నా వైపు చూడకుండా అన్నారు: "మూడమ్మా."

"ఆ రోజు రెండేనండి," అన్నాను.

ఆయన జేబులోంచి పాత కాగితం తీసి, టెర్న్‌ల కింద 'స్కిమ్మర్లు, రెండు' అని రాసి, తారీఖు వేసి వెళ్ళిపోయారు. కనీసం కూర్చోమనైనా అనలేదే అని తర్వాత అమ్మ తిట్టింది.

ఇప్పుడు అంతసేపు బురదలో నిలబడలేను, మోకాళ్ళు ఒప్పుకోవు. మనుషులతో వాదన కూడా తగ్గించేశాను. ఆఫీసు మీటింగులో తప్పని తెలిసీ "అలాగేనండి" అనేసి వచ్చిన సాయంత్రాలు మాత్రం, ఒంటి చెప్పుతో బస్సెక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎదురుపడితే నన్ను కడిగేస్తుంది. పడతాను.