ఓంప్రకాశ్ గుండెదడ

ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తే ఓంప్రకాశ్‌కు పనిలోకి దిగితే చాలు, గుండె దడదడలాడేది. అక్కడే పనిచేసే జమున మీద ప్రేమే దానికి కారణమని గట్టిగా నమ్మాడు. నాలుగు నెలలు ఓర్చుకొని చివరికి ఆమెకే చెప్పేశాడు.

జమున నిదానంగా అడిగింది. "మొన్న ఆదివారం అంగట్ల కలిసినం గదా, అప్పుడు కొట్టుకున్నదా?"

"లే."

"అయితే అది నేను గాదు, పత్తి దుమ్ము. దవాఖానకు పో."

తల్లి బాలవ్వను, తండ్రి రాజంను వెంటబెట్టుకొని వెళ్లాడు. డాక్టరమ్మ ఈసీజీ చూసి చెప్పింది. "దుమ్ము, పొగ అందరి గుండెకూ ఒకేలా తగలవు. కొందరికి వంశంలో వచ్చిన జన్యువుల వల్ల ఎక్కువ తగలొచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"నాకుండె," అన్నాడు రాజం సంబరంగా, బాలవ్వను చూపిస్తూ. "ముప్పై ఏండ్ల కింద గదే మిల్లుల గీమెను చూసినప్పుడల్లా గిట్లనే కొట్టుకునేది. పెండ్లయి మిల్లు ఇడిసినంక బందైంది."



"అంటే దుమ్ముకు దడ పుడితే నన్ను చేసుకున్నవా?" అంది బాలవ్వ.

డాక్టరమ్మ రాజంకు కూడా ఈసీజీ తీయించింది. ఓంప్రకాశ్ మిల్లు మానేసి మొక్కల నర్సరీలో కుదిరాడు. దడ పోయింది, జమున మీద మనసు మాత్రం పోలేదు. బాలవ్వ వారం దాకా రాజంకు చాయ్ పోయలేదు.